చిన్న ఆటలు, చదువు సాఫ్ట్‌వేర్: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు బళ్ళకి చిన్న చిన్న కంప్యూటర్ ఆటలు చేసిపెడుతుంటాం. మాలో మాస్టార్లున్నారు, ఇంజినీరింగ్ చదివే అబ్బాయిలూ అమ్మాయిలూ ఉన్నారు, సాయంత్రం పూట షాపు కట్టేసి వచ్చే మొబైల్ మెకానిక్ కూడా ఉన్నాడు. ఎక్కడికెళ్ళినా దాదాపు ఇవే ప్రశ్నలు. ఒకచోట రాసి పెట్టేస్తే మాకు నోరునొప్పి తగ్గుతుందని ఈ పేజీ. జవాబుల్లో మా ఇష్టాయిష్టాలు కూడా కలిసిపోయి ఉంటాయి, సర్దుకోండి.

గేమ్ అంటే మళ్ళీ ఆ పేకాట యాపులేనా? మా వాణ్ణి అందులోకి దింపుతారేంటండి?

కాదండి. తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే, అడగడంలో తప్పు కూడా లేదు. సంక్రాంతికి బరుల దగ్గర పందేలు చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. ఫోనులోకి రమ్మీ వచ్చాక ఎవరి పొలం ఎలా పోయిందో ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకో అడుగు ముందుకెళ్ళింది. తెలివితో ఆడేదా, అదృష్టం మీద ఆడేదా అన్న వాదన లేకుండా, పందెం డబ్బు ఉంటే చాలు, నిషేధమే. అలాంటివి నడిపేవాళ్ళకి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. పందెం లేని ఆటల్నీ ఈ-స్పోర్ట్స్‌నీ ప్రోత్సహించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది.

మేం చేసేవాటిలో డబ్బు ఉండదు, ప్రకటనలు ఉండవు. రంగుల పెట్టె చూపించి ‘తెరువు, ఏం వస్తుందో చూద్దాం’ అని ఆశపెట్టే పద్ధతి కూడా పెట్టం. అందులో డబ్బు లేకపోయినా ఆ అలవాటు మాత్రం జూదానిదే.

ఆడితే నిజంగా చదువు వస్తుందా?

ఆటని బట్టి. బజారులో దొరికే చదువు ఆటల్లో చాలావాటి పద్ధతి ఒకటే: కారు పోతుంటుంది, మధ్యలో ఆగుతుంది, ‘7 × 8 ఎంత?’ అని అడుగుతుంది, చెబితే మళ్ళీ కదులుతుంది. పిల్లాడికి కావలసింది కారు. ఎక్కం దానికి అడ్డం. ఆ ఆట ఎంత ఆడినా ఎక్కం మీద కోపమే పెరుగుతుంది.

మా దగ్గర ఒక పరీక్ష ఉంది. పాఠాన్ని తీసేస్తే ఆట మిగులుతుందా? మిగిలితే ఆ పాఠం పైన అతికించిందే. వామనగుంటల్లో లెక్క తీసేయండి, ఏమీ మిగలదు. ఏ గుంట ఎత్తితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే చూసుకున్నవాడు గెలుస్తాడు. కూడిక, శేషం అన్నీ ఆ చూసుకోవడంలోనే ఉన్నాయి. వాటి పేర్లు మాస్టారు తర్వాత చెప్పుకోవచ్చు.

అయితే మొదటి ఆటగా ఏది చెయ్యమంటారు?

వామనగుంటలే చెయ్యండి. ఇంజినీరింగ్ కుర్రాళ్ళు వచ్చీరాగానే తుపాకులూ జాంబీలూ అంటారు, వాటిలో ఒక్కటీ పూర్తయిన దాఖలా లేదు. వామనగుంటలకి బొమ్మలు గియ్యక్కర్లేదు. నియమాలు అమ్మమ్మనడిగితే చెబుతుంది. పరుగులు తీసే బొమ్మలూ, ఒకదాన్నొకటి గుద్దుకోవడాలూ లేవు.

ప్రోగ్రాములో ఇది 14 అంకెల జాబితా, ఇద్దరికీ చెరో ఖజానా. గుంటకి ఐదేసి పిక్కలు పెడితే మొత్తం 70. గుంటలకి 0 నుంచి 13 వరకు నంబర్లు ఇవ్వండి. పదో గుంటలో ఐదు పిక్కలెత్తి పంచితే అవి 11, 12, 13, 0, 1 గుంటల్లో పడాలి. 13 తర్వాత 14 కాకుండా 0 రావడానికి నంబరును 14తో భాగించి శేషం తీసుకుంటే సరి. చివరి పిక్క పడ్డాక పక్క గుంటలోవి ఎత్తి మళ్ళీ పంచాలి. ఆ పక్కది ఖాళీగా ఉంటే దాని తర్వాతి గుంటలోవి మీకు, ఆట అవతలివాళ్ళకి. ఒక్కో ఇంట్లో ఈ నియమం ఒక్కోలా ఉంటుంది. మీ ఇంటి నియమమే పెట్టండి, పక్కింటివాళ్ళు వచ్చి గొడవపడితే అదో సెట్టింగు అవుతుంది.

ఒక్క జాగ్రత్త. కంప్యూటరుకి పంచడం క్షణంలో పని, కానీ అలా చేస్తే పిల్లలకి ఏం జరిగిందో అర్థం కాదు, కంప్యూటరు మోసం చేసిందంటారు. పిక్క పిక్కకీ మధ్య సెకనులో అయిదో వంతు ఆపండి. పడినప్పుడల్లా ‘టక్’ మనే చప్పుడు పెట్టండి, చింతపిక్కని చెక్క మీద వేసి రికార్డు చేస్తే చాలు. ఆ చప్పుడు పెట్టిన రోజు నుంచి ఆట మీద పిల్లల చూపే మారిపోయింది.

తర్వాత పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు, 23 చోట్లు. ఇందులో కంప్యూటరుని పులిగా పెట్టొచ్చు. దూకి చంపే దారి ఉంటే దూకు, లేకపోతే ఏదో ఒక పక్కకి జరుగు అని చెబితే చాలు, ఐదో తరగతి పిల్లలకి ఆ పులి గట్టి పులే.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? పైథానా, యూనిటీయా, ఇంకోటా?

పిల్లలే చేస్తారంటే స్క్రాచ్. ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో విడుదల చేశారు, ఉచితం, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. ముక్కలు ఒకదాని కింద ఒకటి తగిలించడమే పని, కామా పెట్టలేదని తిట్టేవాళ్ళుండరు. స్క్రాచ్‌లో చేసినదాన్ని టర్బోవార్ప్ ప్యాకేజర్‌తో ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా, అంటే బ్రౌజరులో తెరుచుకునే ఫైలుగా, మార్చుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

పెద్దవాళ్ళు పిల్లల కోసం చేస్తుంటే, మా సలహా మామూలు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్. బ్రౌజరు లేని ఫోను లేదు. పరుగులు, గెంతులు, వస్తువులు పడి గుద్దుకోవడాలు కావాలంటే గోడో అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్. అది 2014 నుంచి ఓపెన్ సోర్స్, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. యూనిటీ ఇప్పటికే వచ్చినవాళ్ళని మానుకోమనం, కానీ పాత ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టేవాళ్ళకి అది మోయలేని బరువు.

కంప్యూటర్లో తెలుగు బాగానే టైపు చేశాం. గేమ్‌లో మాత్రం ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. ఎందుకు?

‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయి కూర్చుంటుంది, అదే కదా? మాకు వచ్చే ఫోన్లలో సగం దీని మీదే. తప్పు మీది కాదు, ఫాంటుదీ కాదు.

యూనికోడ్‌లో (అంటే అక్షరాలకి కంప్యూటర్లు వాడే నంబర్ల పట్టికలో) ఒత్తులకి విడిగా నంబర్లు లేవు. ‘మ్మ’ అంటే మ, పొల్లు, మ అని మూడు గుర్తులు వరసగా ఉంటాయి. వాటిని చూసి రెండో ‘మ’ని ఒత్తుగా మార్చి కిందకి దించే పని వేరే ఇంజను చేస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింట్లోనూ ఉండేది హార్ఫ్‌బజ్ అనే ఇంజను. కాబట్టి బ్రౌజరులో తెలుగు సరిగ్గా వస్తుంది. గోడోలో 4వ వెర్షన్ నుంచి, అంటే 2023 మార్చి నుంచి, అదే ఇంజను ఉంది. పాత ట్యుటోరియల్ చూసి 3వ వెర్షన్ దించుకుంటే ఒత్తులు విడిపోతాయి. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్‌ప్రో ఆ కూర్పు పని సొంతంగా చెయ్యదు. అక్కడ తెలుగు మాటలు తక్కువే ఉంటే వాటిని ముందే బొమ్మలుగా చేసి పెట్టుకోవడం తేలిక.

పరీక్షించేటప్పుడు ‘గోదావరి’ అని టైపు చేసి, బాగానే ఉందని వదిలేస్తారు. అందులో ఒత్తే లేదు! ‘రాజమహేంద్రవరం’ పెట్టి చూడండి, ‘స్త్రీ’ పెట్టి చూడండి. రెండోదానికి కింద రెండు ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కొలతలతో చేసిన బటన్‌లో అడుగు తెగిపోతుంది. వరసకీ వరసకీ మధ్య దూరం ఇంగ్లీషుకి పెట్టేదానికన్నా బాగా పెంచాలి.

ఫాంట్లకి కొదవ లేదు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, గిడుగు, నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ ఆటలో కలిపి పంచుకోవచ్చు, లైసెన్సు ఒప్పుకుంటుంది. సైజు తగ్గించడానికి ఫాంటులోంచి వాడని అక్షరాలు తీసేసే పనిముట్లు ఉన్నాయి. వాటితో జాగ్రత్త, అక్షరాలు ఉంచి ఒత్తుల్ని పారేసే ప్రమాదం ఉంది. చిన్నపిల్లల ఆటకి అలంకారాల ఫాంట్లు వద్దు. వాళ్ళింకా వ, ప, మ తేడా పట్టుకునే దశలోనే ఉంటారు.

పదాల ఆట చేశాం. ‘ద్రాక్షారామం’ నాలుగక్షరాలు కదా, కంప్యూటరు పన్నెండంటోంది!

దాని లెక్కలో పన్నెండే. ద, పొల్లు, ర, దీర్ఘం, క, పొల్లు, ష, దీర్ఘం, ర, దీర్ఘం, మ, సున్నా. లెక్కపెట్టుకోండి. ‘అంతర్వేది’కి తొమ్మిది వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మాట పొడవు అడిగితే ఈ గుర్తుల సంఖ్య చెబుతుందే తప్ప మన అక్షరాల సంఖ్య కాదు. గళ్ళ నుడికట్టు చేసినా, అక్షరాల పలకలు జరిపే ఆట చేసినా మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

బ్రౌజర్లలో ఇంట్ల్ సెగ్మెంటర్ అని ఒకటుంది, అక్షరాలు విడగొట్టి ఇస్తుంది. కానీ పాత ఫోనులో అది పొల్లు దగ్గర తెంపేస్తుంది: ద్, రా, క్, షా, రా, మం అని ఆరు. తెలుగు సంయుక్తాక్షరాల్ని కలిపి ఉంచే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. కొత్త బ్రౌజరైతే నాలుగూ సరిగ్గా వస్తాయి. ఒకే ఆట మాస్టారి ఫోనులో ఒకలా, పిల్లాడి ఫోనులో ఇంకోలా నడవడం ఎవరికి కావాలి? అందుకని సొంతంగానే రాసుకోండి, పది లైన్ల పని. హల్లో, అచ్చో వస్తే కొత్త అక్షరం మొదలు, దాని ముందు పొల్లు ఉంటే మాత్రం కాదు. గుణింతపు గుర్తులూ, సున్నా, విసర్గ, పొల్లూ వస్తే ముందున్న అక్షరానికే అతికించాలి. అంతే.

ఇంకో దొంగ ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘ట్’ పక్కన ‘వ’ ఒత్తుగా మారకుండా కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాం. కొన్ని కీబోర్డులు మాట చివరి పొల్లు తర్వాత కూడా దాన్ని వాటంతట అవే పెట్టేస్తాయి. పిల్ల సరైన జవాబే రాస్తుంది, ఆట తప్పంటుంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి మాస్టారికీ అంతు చిక్కదు. జవాబులు పోల్చే ముందు రెండు వైపులా ఆ గుర్తు తీసేయండి. ఇంకా మంచి దారి, పిల్లల చేత టైపు చేయించకపోవడం. అక్షరాల పలకలు ఇచ్చి జరపమంటే కీబోర్డు గొడవే ఉండదు.

మా లంకలో సిగ్నలే సరిగ్గా ఉండదు. ఎలా ఆడతారు?

ఆట మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో పెట్టండి. బొమ్మలు, శబ్దాలు, ఫాంటు అన్నీ అందులోకే. బొమ్మని బేస్64 అక్షరాలుగా మార్చి పెడితే సైజు మూడో వంతు పెరుగుతుంది, పర్లేదు. ఫోను నుంచి ఫోనుకి బ్లూటూత్‌లోనో, వాట్సాప్‌లో డాక్యుమెంటుగానో పంపుకుంటారు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (మనుషుల్నీ వాహనాల్నీ దాటించే పెద్ద పడవ) మీద గోదారి దాటేలోపు ఒక ఆట నలుగురి ఫోన్లలోకి వెళ్ళిపోవడం మేం చూశాం.

వేరే ఫైల్లో ఉన్న ప్రశ్నల జాబితాని ఆట మొదలయ్యాక తెచ్చుకుందాం అనుకోకండి. నెట్ నుంచి కాకుండా ఫోనులోని ఫైలు తెరిచినప్పుడు భద్రత కోసం బ్రౌజరు దాన్ని ఆపేస్తుంది. స్కోరు గుర్తుపెట్టుకోవడం కూడా ఈ పద్ధతిలో కొన్ని ఫోన్లలో కుదరదు, దాని మీద ఆధారపడకుండా ఒక్క విడతలో అయిపోయే ఆటలు చేయండి.

ఇంట్లో ఉన్నది ఒక్క పాత ఫోను, అదీ నాన్నది. సరిపోతుందా?

సరిపోవాలి. సరిపోకపోతే ఆట చేసినవాళ్ళదే లోపం. రెండు జీబీ ర్యామ్, గీతలు పడ్డ తెర, ఎండలో అరుగు మీద కూర్చున్న పిల్లలు, ఇదీ మీ మార్కెట్టు. తెల్ల నేపథ్యం మీద ముదురు రంగులు వాడండి, బటన్లు వేలికి అందేంత పెద్దవి పెట్టండి. ఆండ్రాయిడ్ వాళ్ళు చెప్పే కనీస కొలత 48 డీపీ (ఏ తెర మీదైనా దాదాపు ఒకే సైజు వచ్చేలా పెట్టుకున్న కొలత), చిన్నపిల్లలకి ఇంకా పెద్దది కావాలి. నాన్నకి ఫోనొస్తే ఆట ఎక్కడిదక్కడ ఆగి, తర్వాత అక్కణ్ణించే మొదలవ్వాలి. తొలి తెర మీద ‘మొదలుపెట్టు’ బటన్ తప్పనిసరి, ఎందుకంటే ఒకసారి తెర తాకితే తప్ప బ్రౌజరు శబ్దం వినిపించదు.

మన ప్రాంతపు సంగతులతో చదువు ఆట చెయ్యాలని ఉంది. దేని మీద చెయ్యొచ్చు?

నీళ్ళ మీద. మన పిల్లలకి కాలువ గురించి తెలిసినంత ఏ పాఠ్యపుస్తకానికీ తెలియదు, కానీ దాన్ని లెక్కగా చూసే అలవాటు లేదు.

మేం బళ్ళలో ఎక్కువగా ఆడించేది ‘లస్కరు’ (కాలువ తూములు చూసుకునే ఉద్యోగి) ఆట. ఒక పిల్ల కాలువ, దాని మీద నాలుగు తూములు, నాలుగు ఊళ్ళు. ఆడేవాడే లస్కరు. రోజుకి ఒకసారి ఏ తూము ఎంత తెరవాలో చెప్పాలి. పైనుంచి వంద వంతుల నీళ్ళు వస్తాయి, దారిలో కొంత ఇంకిపోతుంది, ప్రతి ఊరి చేలోనూ తేమ రోజూ కొంచెం తగ్గుతుంటుంది. తేమ సున్నాకి వస్తే చేను నెర్రెలిస్తుంది. సార్వాలో (వానాకాలం పంట) ఆడితే పెద్ద కష్టం ఉండదు. దాళ్వాకి (రెండో పంట) మార్చగానే పైనుంచి వచ్చే వంద కాస్తా అరవై అవుతుంది, శివారు ఊరి చేను ఎండడం మొదలవుతుంది.

నలుగురు పిల్లలకి నాలుగు ఊళ్ళు ఇచ్చి ఆడిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి ఊరు దక్కిన పిల్లాడు తూము పూర్తిగా తెరిచి కూర్చుంటాడు, తన చేను నిండిపోయినా ముయ్యడు. శివారు పిల్ల ‘మాస్టారూ, చూడండి వాడు!’ అని లేస్తుంది. అప్పుడు మాస్టారు చెప్పాల్సింది ఏమీ లేదు, కుర్చీలు మార్చి మళ్ళీ ఆడమంటే చాలు. రెండు మూడు ఆటలయ్యాక వాళ్ళలో వాళ్ళే ‘ఈ రెండు రోజులు నువ్వు, తర్వాత నేను’ అనే పద్ధతికి వచ్చేస్తారు. నీళ్ళు చాలని దాళ్వాల్లో ఇరిగేషన్ వాళ్ళు పెట్టే వంతులవారీ విధానం అదే. భిన్నాలు, సగటు, శాతం అన్నీ తూము తెరిచే లెక్కలో దొర్లిపోతాయి. తర్వాతి మెట్టులో ముంపు పెట్టొచ్చు: మురుగు కాలువ పూడిపోయి ఉంది, అల్పపీడనం వచ్చింది, ఇప్పుడు నీళ్ళు వద్దు మొర్రో అంటే పోవు.

పెద్ద తరగతులకి ధవళేశ్వరం. కాటన్ కట్టించిన ఆనకట్ట 1852కి పూర్తయింది, ఇప్పుడున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ, 175 గేట్లు. వరద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ అంకెలు టీవీలో ఏటా వింటాం, ఎవరూ ఊహించుకోరు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 86.4 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). బ్యారేజీ వెనక నిలబడేది సుమారు మూడు టీఎంసీలే. ఆటలో పిల్లలు గేట్లన్నీ మూసి వరదని ఆపుదామని చూస్తారు, గంటలోపే నిండిపోతుంది. ‘గేట్లు ఎందుకు ఎత్తేశారు?’ అని ఏటా ఊళ్ళో జరిగే వాదనకి జవాబు అప్పుడు దొరుకుతుంది: అది నీళ్ళు మళ్ళించడానికి కట్టింది, దాచడానికి కాదు.

మా నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. దాని మీద?

భేషుగ్గా. చెరువులో ఆక్సిజన్ మధ్యాహ్నం పెరిగి, తెల్లవారుజామున అడుగంటుతుంది. పగలు నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు పీల్చుకుంటుంది. ఏరియేటర్ ఎప్పుడు వెయ్యాలి, మబ్బు పట్టిన రోజు ఏం చెయ్యాలి, కరెంటు బిల్లు ఎంత, మేత తగ్గించాలా అన్నవే ఆటలో నిర్ణయాలు. తెర మూలన ఆక్సిజన్ గీత రోజంతా పైకీ కిందకీ పోతుంటే చాలు, కిరణజన్య సంయోగక్రియ పాఠం వేరే చెప్పక్కర్లేదు. అంకెలు మాత్రం నాన్నగారిని అడిగి పెట్టండి. ఆయన రాత్రి మూడింటికి లేచి చెరువు గట్టు మీదకి ఎందుకు వెళ్తారో కూడా అప్పుడే అడగండి.

బడిలో పాత సీడీల్లో మంచి పాఠాలున్నాయి, ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

అవి ఫ్లాష్‌లో చేసినవి అయ్యుంటాయి (అది పాతకాలపు యానిమేషన్ సాఫ్ట్‌వేర్). అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కి మంగళం పాడింది, 2021 జనవరి 12 నుంచి అది నడవకుండా ఆపేసింది కూడా. సీడీలో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్ళు కనబడితే రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిచి చూడండి, పాతకాలపు పాఠాలు చాలావరకు నడుస్తాయి. సీడీలు పారేయకండి, ముందు వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించండి.

చెయ్యడం మావల్ల కాదు, తయారుగా ఉన్నవి చెప్పండి.

చిన్న తరగతులకి జీకాంప్రీ. రెండేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలకి వందకు పైగా ఆటలు, ఉచితం, ప్రకటనలు లేవు. బొమ్మలు గీసుకోడానికి టక్స్ పెయింట్. హైస్కూలు సైన్సుకి కొలరాడో యూనివర్సిటీవాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు, ఒక్కొక్కటీ ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు. మన పద్ధతి కూడా వాళ్ళని చూసి నేర్చుకున్నదే.

బొమ్మలు గూగుల్‌లో వెతికి పెట్టేస్తే ఏమవుతుంది?

వేరేవాళ్ళ సొత్తు అవుతుంది. కెన్నీ అనే సైటులో వేల బొమ్మలు సీసీ0 కింద, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా ఉన్నాయి. కానీ వాటిలో కొబ్బరి దింపు తీసే మనిషి దొరకడు, పంటు దొరకదు. అవి పిల్లల చేత కాగితం మీద గీయించి ఫొటో తీయండి. పక్క బెంచీ పిల్ల గీసిన గేదె తెర మీద నడిస్తే ఆ క్లాసులో జరిగే గోల చూడాల్సిందే. గొంతులు కూడా అంతే, మన యాసలోనే రికార్డు చెయ్యండి.

ఏఐ చేత రాయించుకోవచ్చా?

కోడ్ రాయించుకోండి, చదివి అర్థమైతేనే ఉంచుకోండి. తెలుగు మాటల జాబితాలు మాత్రం కళ్ళకద్దుకుని తీసుకోకండి. లేని పదాలు, తప్పు ఒత్తులు ధీమాగా ఇస్తుంది. మూడో తరగతి పిల్ల దాన్నే ఒప్పనుకుని నేర్చుకుంటుంది.

పిల్లల పేర్లు, మార్కులు ఆటలో నమోదు చెయ్యొచ్చా? హెడ్మాస్టరుగారు అడుగుతున్నారు.

వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, అదీ రుజువు చూపగలిగేలా ఉండాలి. బళ్ళకి కొన్ని సడలింపులున్నా, మీలాంటి బయటివాళ్ళకి ఆ బరువెందుకు? పేరు బదులు పిట్ట బొమ్మ ఎంచుకోమనండి. ఎవరు ఏ పిట్టో మాస్టారికి తెలుసు, ఫోనుకి తెలియక్కర్లేదు.

ఆట బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫోను పిల్లాడి చేతికిచ్చి మీరు నోరు మూసుకోండి. ‘అది నొక్కు నాన్నా’ అనకూడదు. ఎక్కడ ఆగిపోయాడో, ఎక్కడ నొక్కిందే నొక్కుతున్నాడో రాసుకోండి. ‘బాగుందా?’ అని అడిగితే మాత్రం నిజం రాదు, మన పిల్లలు మొహమాటస్తులు, బాగుందండి అనేస్తారు. బెల్లు కొట్టాక కూడా వదలకపోతే బాగున్నట్టు.

ప్లేస్టోర్‌లో పెట్టి డబ్బు సంపాదించొచ్చా?

పెట్టడానికి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన సొంత ఖాతాలకి ఇంకో షరతు ఉంది: అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది 14 రోజులపాటు వరసగా పరీక్షించాలి. ఊళ్ళో స్నేహితులు ఉన్నారు కదా అనుకోకండి, అందరి చేతా పద్నాలుగు రోజులు యాప్ తీసేయకుండా ఉంచడం పెళ్ళి చేసినంత పని. ఇచ్.ఐఓ అనే సైటులో అయితే ఈ బాధలు లేవు, జిప్ ఫైలు ఎక్కిస్తే బ్రౌజరులోనే ఆడుకుంటారు, ఖర్చు లేదు.

డబ్బు సంగతంటారా, తెలుగులో పిల్లల ఆటలు చేసి ఇల్లు గడుపుకుంటున్నవాళ్ళని మేమైతే చూడలేదు. ఉద్యోగాలకి వెళ్ళే కుర్రాళ్ళకి మాత్రం పూర్తిచేసిన మూడు చిన్న ఆటలు చూపించడం, మధ్యలో ఆపేసిన ఒక పెద్ద ఆట గురించి చెప్పడం కన్నా ఎంతో మేలు. పూర్తిచేసే అలవాటు రావాలంటే గడువు పెట్టి ఆటలు చేయించే గేమ్ జామ్‌లలో దిగండి. జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌ది 48 గంటల పద్ధతి. జేఎస్13కే అని ఆగస్టు 13న మొదలయ్యేది ఒకటుంది, అందులో ఆట మొత్తం 13 కేబీలో ఇమడాలి. మన తెలుగు ఫాంటు ఒక్కటే అంతకి ఎన్నో రెట్లు ఉంటుంది, కాబట్టి అక్కడ మాటల్లేని ఆటే గతి.

ఆట పేరు తెలుగులో పెట్టాం. ఫైలు పేరు కూడా తెలుగులోనే పెట్టాలా?

ఆట లోపల తెలుగే ఉంచండి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. బళ్ళలో ఉండే పాత విండోస్‌లో జిప్ విప్పితే తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా మారతాయి, ఏ ఆట ఏదో తెలియక మాస్టారు అన్నీ తెరిచి చూసుకోవాలి.